వెనక్కి వచ్చిన నారింజ బేళ్ళు

పెరట్లో ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వచ్చేసరికి బల్ల మీద మీటరు లేదు.

కోడలు బట్టలు మంచం మీద పడేసి ఇల్లంతా వెతికింది. చివరికి గుమ్మం బయట కనిపించింది. చెప్పుల వరసలో, మామయ్య పాత బూట్ల పక్కన బుద్ధిగా కూర్చుని ఉంది.

"అత్తయ్యా! దీన్నెవరు ఇక్కడ పెట్టారు?"

"నేనే పెట్టాను." అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి ఇప్పుడే తేలిపోవాలి."

"తేమ తగిలితే పాడైపోతుందత్తయ్యా."

"పోనీ. పీడా విరగడవుతుంది."

చూశారా మనుషుల తీరు! మొన్న మొన్నటి దాకా ఆ ఇంట్లో ఆ మీటరుకి జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరగదు. చూడబోతే ఇటుకంత ఉంటుంది. ఆకు మీద ఆనించి మీట నొక్కితే ఎంత వెలుగు, ఎంత ఎరుపు, ఎంత పసుపు అని మూడు అంకెలు చూపిస్తుంది. బ్యారన్‌లో వేడికి పండి ఆరిన పొగాకుని ఆ అంకెల్ని బట్టి నిమ్మ చాయో నారింజ చాయో తేల్చడం కోడలి ఉద్యోగం. గోడౌన్లో అందరూ ఆమెని మీటరమ్మ అని పిలుస్తారు.

అదే గోడౌన్లో ఉత్తరం కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఉత్త కంటితో చూసి గ్రేడు చెప్పే పెద్ద గ్రేడరు ఆమె మామగారే. ఆకుని ముందు ఆయన చూస్తారు, తర్వాత మీటరు చూస్తుంది. ఇద్దరూ ఒకే మాట అంటేనే ఆ పొగాకు బేలు మీద గ్రేడు ముద్ర పడుతుంది. ఈ సీజనంతా ఇద్దరిదీ ఒకే మాట. "నా కోడలూ నేనూ ఒకే కంటితో చూస్తాం" అని ఆయన కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకుని మురిసిపోయేవారు.

ఆ ముద్ర పడ్డ బేళ్ళే ఇప్పుడు లారీల మీద వెనక్కి వచ్చాయి. నారింజ అని పంపారు, విప్పి చూస్తే సగానికి సగం నిమ్మ చాయే అన్నారు కొన్నవాళ్ళు. తప్పు పెద్దాయన కంటిదో మీటరుదో రేపు పొద్దున వచ్చి చెప్పండి, అందాకా మీటరుతో సహా ఇద్దరూ ఇంటి దగ్గరే ఉండండి అన్నాడు మేనేజరు. కంటిదని తేలితే ఆ కుర్చీ పోతుంది. ఆ కుర్చీ పోతే ఆయనకి ఇంకేమీ మిగలదని ఇంట్లో అందరికీ తెలుసు.

"దాన్నెందుకే బయట పెట్టావు?" ముందుగదిలోంచి మామయ్య గొంతు వినిపించింది. బేళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"మీ కంటికి వంక తెచ్చిన వస్తువుకి నా ఇంట్లో చోటు లేదు."

"అదేం తెచ్చిందే పాపం? నేనేమంటే అదీ అదే అంది. లోపలికి తీసుకురామ్మా, నువ్వు తీసుకురా."

కోడలు మీటరుని అరచేత్తో తుడిచి ముందుగది బల్ల మీద పెట్టింది. అత్తయ్య దానివైపు కొరకొరా చూసి వంటింటి గుమ్మంలో కూలబడింది. ముగ్గురూ మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నారు.

అంతలో ఆ ఇంటి కొడుకు, కోడలి భర్త, వచ్చాడు. అతను ఇళ్ళకి రంగులు వేసే పెయింటరు. జుట్టు నిండా, చెవుల నిండా సున్నపు చుక్కలు.

"ఏంటి, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంది? ఎవరన్నా అమ్మ మాట విన్నారా ఏంటి కొంపదీసి?"

ఎవరూ నవ్వలేదు.

"నువ్వొక్కడివే తక్కువయ్యావు" అన్నారు మామయ్య. "ముందు ఈ గోడ సంగతి చెప్పరా."

"నాన్నా, మళ్ళీ మొదలెట్టకు."

"తెలుపు వెయ్యమన్నానా లేదా? వెన్నరంగు పులిమి పెట్టావు."

"తెలుపే నాన్నా! ఊళ్ళో ఇన్ని ఇళ్ళకి వేశాను, ఒక్కళ్ళు పల్లెత్తు మాట అనలేదు."

"వాళ్ళకి రంగులేం తెలుసు? నాకు తెలుసు గనక అడుగుతున్నా."

"నీ కోసం ఈ గదికి మూడుసార్లు వేశాను. ఇంకో పూత వేస్తే గది ఇరుకైపోతుంది!"

ఈసారి మామయ్య పెదవి చివర కాస్త కదిలింది. అది చూసి కొడుక్కి హుషారు వచ్చింది. తండ్రి మళ్ళీ మనుషుల్లో పడుతున్నాడని సంబరం.

"సరే, ఇంట్లోనే జడ్జిగారుండగా మనలో మనకి తగువెందుకు? మీటరమ్మా, నీ పెట్టెని ఆ గోడకి ఆనించు. తెలుపో వెన్నో అదే తీర్పు చెప్తుంది."

"వద్దు!" అత్తయ్య కేక పెట్టింది.

అందరూ తలలు తిప్పి చూశారు.

"ఏమైందే నీకు?" అన్నారు మామయ్య.

"గోడలకి పెట్టే వస్తువా అది? వద్దంటే వద్దు."

"నీకు దానిమీద కోపమైతే నువ్వు చూడకు. పెట్టమ్మా, చూద్దాం."

కోడలు అలవాటు ప్రకారం పెట్టెలోంచి తెల్లటి టైలు ముక్క తీసింది. దానికి మచ్చ పడకూడదని గుడ్డలో చుట్టి ఉంచుతుంది. మీటరు సరిగ్గా ఉందో లేదో ముందు దానిమీద చూడాలి. చూసింది. ఎప్పటి అంకెలే వచ్చాయి. తర్వాత గోడకి ఆనించి మీట నొక్కింది.

గోడ అంకెలూ అవే. టైలుకీ గోడకీ వెంట్రుకవాసి తేడా కూడా లేదు. తెలుపు, మచ్చలేని తెలుపు.

నవ్వబోయింది. భర్త వైపు తిరిగి "మీరే గెలిచారు" అనబోయింది. అంతలో మామయ్య మొహం కనపడింది, ఆగిపోయింది.

ఇంత తెల్లటి గోడ ఈ మనిషికి వెన్నరంగులో ఎందుకు కనపడుతోంది?

వయసుకి కంట్లో పొర పసుపెక్కుతుందని ఆమె విని ఉంది. పసుపు అద్దంలోంచి చూసినట్టు ఉంటుందట. మెల్లగా వస్తుంది గనక ఆ మనిషికే తెలియదట. పసుపు అద్దంలోంచి చూస్తే తెలుపు వెన్నవుతుంది. మరి నిమ్మ చాయ ఏమవుతుంది? నారింజవుతుంది.

అయితే మీటరు కూడా నారింజ అనే ఎందుకంది?

మీటరుకి అంకెలు తెలుసు గాని పేర్లు తెలియవు. సీజను మొదట్లో మామయ్య ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుని ఇది నిమ్మ, ఇది నారింజ అని ఒక్కొక్క ఆకే ఏరి ఇచ్చారు. ఆమె వాటిమీద మీటరు ఆనించి ఆ పేర్లు దానికి నేర్పింది. ఆయన కన్ను ఎలా చూసిందో మీటరూ అలాగే నేర్చుకుంది. ఇద్దరిదీ ఒకే మాట కాక ఏమవుతుంది మరి! ఇద్దరూ కలిసి తప్పారు. అది బయటపడాలంటే ఆయన కంటి సంగతి బయటపడాల్సిందే.

"ఏమందమ్మా?" మామయ్య ముందుకి వంగి అడుగుతున్నారు. కాపరానికి వచ్చిన కొత్తలో, ఏమీ తెలియని ఆమె చేతిలో ఆకు పెట్టి, వెలుగుకి ఎలా తిప్పాలో, ఈనె పక్కన ఎక్కడ చూడాలో ఓపిగ్గా నేర్పిన మనిషి. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

"మీరన్నదే మామయ్యా" అంది. "వెన్నరంగే."

"విన్నావురా!" మామయ్య తొడ చరిచారు. "ఒకే కంటితో చూస్తామని ఊరికే అన్నానా?"

కొడుకు ఊరుకుంటాడా? పెరట్లోకి పరిగెత్తి సీలు విప్పని డబ్బా ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద దబ్బున పెట్టాడు. "చదువు, మూత మీద ఏం రాసుందో చదువు! అసలు సిసలు తెలుపు. ఇంతకన్నా తెల్లటిది షాపులోనే లేదు. నా పనికి వంక పెడితే ఊరుకోను. నీ మీటరే చెడిపోయింది."

అని తన మాటకి తనే ఆగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆగాగు. మీటరు చెడితే బేళ్ళ తప్పు కూడా దానిదే అవుతుంది కదా! నాన్నది కాదు, నీదీ కాదు!"

కోడలు తలొంచుకుంది. "అవునండీ. చెడినట్టే ఉంది."

"రోజూ పొద్దున్నే టైలు మీద సరిచూస్తావు కదమ్మా నువ్వు?" మామయ్య మెల్లగా అడిగారు.

"ఈమధ్య చూడట్లేదు మామయ్యా. బద్ధకించాను."

టైలు చూడకుండా ఆమె ఒక్క పొద్దు కూడా పని మొదలెట్టి ఎరగదు. ఆ మాట గోడౌన్లో చెప్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు. అయినా అనేసింది. కొడుకు "హమ్మయ్య" అంటూ మేనేజరుకి ఫోన్ చెయ్యడానికి వీధిలోకి వెళ్ళాడు. మామయ్య లేచి వెనక వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు.

వంటింట్లో అత్తయ్య కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"ఎందుకాడావే ఆ అబద్ధం?" అంది, తల తిప్పకుండానే.

"ఏ అబద్ధం అత్తయ్యా?"

"నా దగ్గర నాటకాలొద్దు. గోడ తెల్లగా ఉంది. నాకూ కళ్ళున్నాయి."

కోడలు వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"చలికాలం నుంచీ చూస్తున్నాను" అంది అత్తయ్య. "నా నీలం శాలువా చూసి నల్లది ఎప్పుడు కొన్నావన్నారు. పాలు పసుపుగా ఉన్నాయేంటి, విరిగాయా అన్నారు. పొద్దున్నే నేను మేజోళ్ళు జత చేసి పెట్టకపోతే ఒక కాలికి నీలం, ఒక కాలికి నలుపు వేసుకుని వెళ్ళిపోతారు."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పనే? కాళ్ళు నొప్పులంటే కాళ్ళొత్తచ్చు. నీకు రంగులు తెలియట్లేదని ఆ మనిషితో ఏ నోటితో అనను? ఆకు చూడటం తప్ప ఆయనకి ఇంకో లోకం తెలుసా?" గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది. "అందరూ కలిసి తప్పు ఎవరిది ఎవరిది అంటుంటే, ఆ పెట్టె నిజం చెప్పేస్తుందని భయమేసింది. అందుకే బయట పెట్టాను. దానిమీద నాకేం పగ చెప్పు?"

కోడలి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ చెయ్యి పట్టుకోవడం అది మొదటిసారేమో.

"నీ పేరు చెడగొట్టుకున్నావు కదే పిచ్చి మొద్దూ."

"నా పేరుకేం అత్తయ్యా, మళ్ళీ తెచ్చుకుంటాను."

"ఆయనకి మాత్రం తెలియనివ్వకు. తట్టుకోలేరు. ఒట్టెయ్యి."

"ఒట్టు" అంది కోడలు. ఇద్దరి కళ్ళూ నిండుగా ఉన్నాయి. కన్నీళ్ళలోనే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కాస్త నవ్వుకున్నారు కూడా.

ఆ నవ్వు పూర్తి కాకుండానే కొడుకు విజయం సాధించినవాడిలా లోపలికొచ్చాడు.

"అయిపోయింది! మేనేజరు మెత్తబడ్డాడు. మీటరుని మూల పడెయ్యమన్నాడు. రేపు పొద్దున కొన్నవాళ్ళు కూడా వస్తున్నారట. వాళ్ళ కళ్ళ ముందే బేళ్ళు విప్పి, నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క ఆకూ నిమ్మ నిమ్మగా, నారింజ నారింజగా వేరు చేయిస్తాడట. మీటరూ గీటరూ ఏమీ లేకుండా, ఉత్త కంటితో! అప్పుడు తెలుస్తుంది వాళ్ళకి, మా నాన్నంటే ఏంటో!"

ఆడవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఏంటలా చూస్తారు? నాన్నకి కూడా చెప్పాను, వరండాలోనే ఉన్నాడు." గొంతు తగ్గించి భార్యతో అన్నాడు. "నీ సంగతి తర్వాత మాట్లాడతానన్నాడు మేనేజరు. ఏం కాదు, నేను లేనూ? బెంగపెట్టుకోకు." అంటూ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయాడు. పాపం, ఏ పాపమూ ఎరగని మనిషి.

మీటరు మాట అబద్ధమైతే కన్ను మాట నిజమవుతుందని ఇద్దరికీ తట్టనే లేదు. ఆయన్ని కాపాడుతున్నామనుకుంటూ తీసుకెళ్ళి నలుగురి మధ్యలో నిలబెట్టారు. రేపు ఆయన నిండు నమ్మకంతో నిమ్మ ఆకు తీసి నారింజ కుప్పలో వేస్తారు. వాళ్ళు చూస్తారు. మొదట ఎవరో నవ్వు ఆపుకుంటారు.

"చెప్పాలి అత్తయ్యా. ఇప్పుడే చెప్పాలి."

అత్తయ్య గోడకి ఆనుకుంది. "నా వల్ల కాదే తల్లీ. నువ్వే వెళ్ళు."

వెనక వరండాలో ఎండ ఇంకా పోలేదు. మామయ్య మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఖాళీ చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి.

"రామ్మా, కూర్చో."

కూర్చుంది. మాటలు పేర్చుకుంటోంది. ఎలా పేర్చినా ఒక్కటీ నిలబడట్లేదు.

"మామయ్యా, రేపు..."

"ముందు నన్నొకటి అడగనీ" అన్నారాయన. "గోడ వెన్నరంగు అన్నందుకు మీటరు చెడిపోయిందని తేల్చారు. ఔనా?"

"ఔను."

"దానికన్నా ముందు ఆ మాట అన్నది నేనే కదమ్మా. మరి నన్నేమని తేల్చాలి?"

ఆమె ఏడవకూడదనుకుంది. ఆ అనుకోవడంతోనే కళ్ళలోంచి బొటబొటా రాలాయి.

"ఇందాక అది నిజంగా ఏమందో చెప్పు."

"తెలుపు మామయ్యా. మంచి తెలుపు."

మామయ్య తలాడించారు.

"వాడు మూడుసార్లు వేశాడు పాపం" అన్నారు. "ఒక్కసారి కూడా విసుక్కోలేదు వెధవ."

"మామయ్యా..."

"సీజను మొదట్లో నమూనా ఆకులు నీకు ఏరి ఇచ్చింది నేనే. దానికి తప్పు నేర్పింది నేను. నువ్వు కాదు, ఆ పెట్టె కాదు."

"ఆపరేషన్ చేస్తే పొర పోతుందట మామయ్యా. మళ్ళీ శుభ్రంగా కనపడుతుందట."

"కనపడుతుంది. కానీ ఏం కనపడుతుందో? రంగులన్నీ కొత్తగా ఉంటాయట. ఆపరేషన్ చేయించుకున్న మా పాత మేస్త్రి సొంత ఇంటి తలుపు రంగు గుర్తుపట్టలేకపోయాడు. అదంటేనే నాకు భయం తల్లీ. ఇన్నేళ్ళు నేర్చుకున్నదంతా పోయి, మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలంటే ఈ వయసులో నావల్ల అవుతుందా?"

భయం అన్న మాట ఆయన నోట ఆమె ఎన్నడూ వినలేదు.

"దిద్దిస్తాను మామయ్యా. మీరు నాకు దిద్దించలేదూ? నేనెంత మొద్దునో గుర్తుందా?"

"మొద్దువే" అని ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "సరే విను. రేపు వెళ్తాను. ఆ కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుంటాను. ఒక్క ఆకు కూడా ముట్టుకోను. లేచి నిలబడి నా కళ్ళ సంగతి నేనే చెప్తాను. ఈ పిల్ల పని ఎగ్గొట్టే రకం కాదు, నా కోసం ఆ మాట నెత్తిన వేసుకుందని కూడా చెప్తాను."

"నలుగురిలో ఎందుకు మామయ్యా? మేనేజరుతో విడిగా చెప్తే సరిపోతుంది కదా."

"ముద్రలన్నీ నలుగురిలోనే వేశానమ్మా." గొంతు తగ్గించారు. "ఒక్కటే భయం. మీ అత్తయ్యకి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకు. నేనంటే దానికి ఎంత గర్వమో నీకు తెలియదు. తట్టుకోలేదు. ఒట్టెయ్యి."

కోడలికి ఏడుపు మీద నవ్వు, నవ్వు మీద ఏడుపు వచ్చాయి. ఒట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. పక్కకి చూస్తే అత్తయ్య తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. చేతిలో ఆయన ఉతికిన చొక్కా ఉంది.

మామయ్య కూడా చూశారు. గబగబా మొహం సర్దుకున్నారు.

"ఏమే, రేపటికి చొక్కానా? బాగుంది. నీ మొగుడి ప్రతాపం చూద్దామని అందరూ వస్తున్నారట, విన్నావా?"

అత్తయ్య వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. చొక్కా ఒళ్ళో పెట్టుకుని మడతలు చేత్తో సాపు చేసింది.

"విన్నాను. నేనూ వస్తాను రేపు."

"నువ్వా? ఇన్నేళ్ళలో గోడౌను గడప తొక్కినదానివి కాదు. పొగాకు వాసనకి తలనొప్పంటావు. నువ్వెందుకే అక్కడ?"

అత్తయ్య చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది, పై గుండీ దాకా.

"మీరు కుర్చీలోంచి లేచేటప్పుడు పక్కన ఒక మనిషన్నా ఉండాలి కదండీ" అంది.